కంచె దాటి ఎంత దూరం వెళ్లారు?

సెలవుకి కోనసీమలోని మా ఊరు వచ్చినప్పుడల్లా రచ్చబండ దగ్గర అడిగే ప్రశ్న ఒకటే. "అన్ని వేల మంది యూఎన్ సైనికులు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు కదా, మరి ఆ దేశంలో యుద్ధం ఎందుకు ఆగలేదు?" అడిగేవాళ్ల తప్పు లేదు. పేపర్లో శాంతి పరిరక్షక దళం అని చదివితే ఎవరికైనా అదే అనిపిస్తుంది. కానీ దక్షిణ సూడాన్‌లో కొన్నేళ్లు పనిచేశాక నాకు ఆ లెక్క వేరేగా కనిపిస్తోంది. ఆ సైనికులు శాంతి తెచ్చారా అని నేను అడగను. క్యాంపు కంచె దాటి ఎంత దూరం వెళ్లారు, ఎన్నిసార్లు వెళ్లారు అని అడుగుతాను.

నేను జనరేటర్ మెకానిక్‌ని. మా వైపు చాలామందిలాగే ముందు మస్కట్ వెళ్లాను. అక్కడ పని తగ్గాక, తెలిసినాయన ద్వారా యూఎన్ క్యాంపులకి కరెంటూ నీళ్లూ చూసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. 2018లో దక్షిణ సూడాన్ ఉత్తరాన ఉన్న మలకాల్ అనే పట్టణానికి పంపారు, ఆ తర్వాత బెంటియూ అనే ఇంకో పట్టణానికి. నేను సైనికుణ్ణీ కాదు, ఆఫీసర్నీ కాదు. అయినా క్యాంపులో జనరేటర్ చూసేవాడికి తెలియని విషయం ఉండదు. కంచె చుట్టూ ఉండే లైట్లు ఆరిపోతే అర్ధరాత్రి లేపేది నన్నే. ఏ యూనిట్ ఎంత డీజిల్ వాడింది, ఏ వారం బళ్లు కదల్లేదు అన్నది నా రిజిస్టర్‌లోనే కనిపిస్తుంది.

అక్కడి యూఎన్ శాంతి పరిరక్షక మిషన్ పేరు అన్మిస్. 2011 జులై 9న దక్షిణ సూడాన్ స్వతంత్ర దేశమైంది, దాంతోపాటే మిషన్ కూడా మొదలైంది. అప్పటి ఆలోచన కొత్త ప్రభుత్వానికి చేయూత ఇవ్వడం, పోలీసులకి శిక్షణ, పాలనలో సాయం. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2013 డిసెంబర్ 15న, ప్రెసిడెంట్ సాల్వా కీర్, అంతకుముందు ఆయన కింద వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న రియెక్ మచార్ వర్గాల మధ్య రాజధాని జూబాలో కాల్పులు మొదలయ్యాయి. ఇళ్లలో దూరి, ఏ తెగవాడివని అడిగి మరీ చంపారు. ప్రాణాలు అరచేతిలో పట్టుకుని వేలమంది యూఎన్ క్యాంపుల గేట్ల దగ్గరికి పరిగెత్తారు.

గేట్లు తెరిచారు. యూఎన్ చరిత్రలో ఇంత పెద్ద ఎత్తున క్యాంపులోకి జనాన్ని రానిచ్చింది అంతకుముందు లేదు. లోపల వాళ్లకి సరిపడా మరుగుదొడ్లు లేవు, నీళ్లు లేవు, చోటు లేదు. అయినా తెరిచారు. నాలుగు రోజులు ఉండి వెళ్లిపోతారనుకున్న జనం ఏళ్ల తరబడి ఉండిపోయారు. ఒక దశలో ఆ క్యాంపులన్నిట్లో కలిపి రెండు లక్షలు దాటారు. ఈ మిషన్ గురించి ఎవరు ఎన్ని విమర్శలు చేసినా, నేనూ చేస్తాను, ఈ ఒక్క నిర్ణయం మాత్రం పక్కన పెట్టకూడదు. ఆ గేట్లు మూసే ఉంచి ఉంటే ఏమయ్యేదో ఆ దేశంలో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

తలుపు తెరిచినందుకు మూల్యం కూడా కట్టారు. ఆ డిసెంబర్ 19న అకోబో అనే చోట చిన్న స్థావరం మీద సుమారు రెండు వేల మంది సాయుధులు పడ్డారు. లోపల తలదాచుకున్న పౌరుల్ని చంపారు. వాళ్లకి అడ్డు నిలబడ్డ ఇద్దరు భారత సైనికులు చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జోంగ్లే రాష్ట్రంలో కాన్వాయ్ మీద మాటు వేసి చేసిన దాడిలో మనవాళ్లు ఐదుగురు పోయారు. మన దగ్గర ఇవి ఒకరోజు వార్తలై వెళ్లిపోయాయి. మలకాల్‌లో ఉన్న భారత బెటాలియన్ వాళ్లకి మాత్రం ఆ పేర్లన్నీ నోటికొచ్చు.

మలకాల్‌లో నా హెల్పర్ ఒక షిల్లుక్ తెగ కుర్రాడు. క్యాంపులో ఆశ్రయం పొందిన కుటుంబం వాళ్లది. ఇంజెక్టర్ విప్పడం నెల తిరక్కుండా నేర్చుకున్నాడు. ఒకసారి టవర్ లైటు కేబుల్ మారుస్తూ కంచె వెంబడి నడుస్తుంటే ఒకచోట ఆగి, "ఇక్కడి నుంచే వచ్చారు" అన్నాడు. 2016 ఫిబ్రవరి 17, 18 తేదీల సంగతి అది. లోపల తెగల మధ్య గొడవ మొదలైంది, తర్వాత ప్రభుత్వ సైన్యం యూనిఫాంలో ఉన్నవాళ్లు కంచె దాటి లోపలికొచ్చి కాల్చారు, గుడిసెలు తగలబెట్టారు. కనీసం 30 మంది చనిపోయారు. క్యాంపులో మూడో వంతు దాకా కాలిపోయింది. వాళ్లమ్మని భుజం మీద వేసుకుని సైనికుల స్థావరం వైపు పరిగెత్తానని, ఆ రోజు కొందరు సైనికులు పోస్టులు వదిలేసి వెళ్లడం చూశానని చెప్పాడు. వాడి మాట మాత్రమే కాదు, యూఎన్ సొంత విచారణ కూడా అదే తేల్చింది: కొందరు కదల్లేదు, కొందరు పోస్టు వదిలేశారు, కొందరు రాతపూర్వక ఆదేశం కావాలంటూ కూర్చున్నారు. ఆ సమయంలో మలకాల్‌లో ఉన్నవి ఇథియోపియా, రువాండా, భారత్ బలగాలు. మనవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ ముక్క దాచాలని నాకు లేదు. అకోబోలో ప్రాణాలిచ్చినవాళ్లని గౌరవించాలంటే మలకాల్ గురించి కూడా మాట్లాడాలి.

అదే ఏడాది జులైలో జూబాలో మళ్లీ యుద్ధం. మన ప్రభుత్వం సంకట్ మోచన్ పేరుతో రెండు సీ-17 విమానాలు పంపి సుమారు 150 మందిని వెనక్కి తెచ్చింది ఆ సమయంలోనే. జూబాలో వ్యాపారం చేసుకునేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు కట్టుబట్టలతో వచ్చేశారు. టెరైన్ అనే హోటల్‌లో ఉన్న విదేశీ సహాయ కార్యకర్తల మీద ప్రభుత్వ సైనికులు పడి అత్యాచారాలు చేశారు, ఒక స్థానిక జర్నలిస్టుని చంపారు. యూఎన్ ప్రధాన స్థావరం అక్కడికి కిలోమీటరు దూరం. లోపలి నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేసినా ఒక్క దళమూ కదల్లేదు. దీనిమీద రిటైర్డ్ మేజర్ జనరల్ పాట్రిక్ కమార్ట్ విచారణ జరిపాక, కెన్యాకి చెందిన ఫోర్స్ కమాండర్‌ని తొలగించారు. దానికి కోపగించి కెన్యా తన దళాన్నే వెనక్కి పిలిపించుకుంది. సైనికులు పది దేశాల వాళ్లు, ఆదేశం ఒక్కరిది. కానీ గడ్డు సమయం వస్తే ప్రతి దళమూ తన దేశ రాజధాని వైపే చూస్తుంది. ఒక మనిషిని తీసేస్తే పోయే జబ్బు కాదిది.

మలకాల్‌లో విజయనగరం వైపు నుంచి వచ్చిన హవల్దార్ ఒకతను పరిచయమయ్యాడు. తెలుగు వినిపించేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. వాళ్ల మెస్ జనరేటర్‌కి ఫిల్టర్ మార్చేటప్పుడు టీ పట్టుకొచ్చి పక్కనే కూర్చునేవాడు. ఒకరోజు నేరుగా అడిగేశాను, మీరంతా ఎందుకు బయటికి ఎక్కువ వెళ్లరని.

"బయటికెళ్లాలంటే ముందు కాగితం కావాలన్నా. కాగితం వచ్చాక రోడ్డు మీద చెక్‌పోస్టులో ఆపుతారు. ఆపేవాడు ఈ దేశం సైనికుడు. వాణ్ణి కాల్చడానికి వచ్చామా మనం? గంటలకొద్దీ మాట్లాడతాం. కొన్నిసార్లు వదులుతాడు, కొన్నిసార్లు వెనక్కి వచ్చేస్తాం."

"మరి వాళ్లే కంచె మీదికొస్తే?"

"దానికి కాగితం అక్కర్లేదన్నా. ఆర్డర్ ఎప్పుడో ఇచ్చేశారు."

అతను చెప్పింది నిజం. పౌరుల ప్రాణాలకి ముప్పు ఉంటే బలం వాడొచ్చని భద్రతామండలి ఇచ్చిన అధికారంలోనే ఉంది. కానీ మిషన్ ఆ దేశంలో ఉండేదే ఆ దేశ ప్రభుత్వం ఒప్పుకుంటేనే. జనాన్ని చంపేవాళ్లలో ఆ ప్రభుత్వ సైన్యం కూడా ఉన్నప్పుడు, కాపాడేవాడు ప్రతి అడుగుకీ ఆ చంపేవాడి అనుమతే అడగాల్సి వస్తుంది. ఆకాశంలో కూడా అంతే. హెలికాప్టర్ లేవాలంటే అటు ప్రభుత్వం నుంచీ, ఇటు తిరుగుబాటుదారుల నుంచీ కాల్చబోమని హామీ రావాలి. ఇది ఉత్త లాంఛనం కాదు. 2012 డిసెంబర్‌లో ప్రభుత్వ సైన్యమే ఒక యూఎన్ హెలికాప్టర్‌ని కూల్చేసింది, నలుగురు రష్యన్ సిబ్బంది పోయారు. 2014 ఆగస్టులో బెంటియూ దగ్గర ఇంకొకటి కూలింది, ముగ్గురు పోయారు. మేము స్పేర్ పార్టులతో ఎక్కి తిరిగేది అలాంటి ఎంఐ-8 రకం హెలికాప్టర్లలోనే. ఎక్కే ముందు మా ఆవిడకి ఫోన్ చేసేవాణ్ణి కాదు, దిగాకే చేసేవాణ్ణి. ఆవిడకి ఎందుకు టెన్షన్ పెట్టడమని.

ఇక నేల సంగతి. ఆ దేశం విస్తీర్ణంలో ఆంధ్ర, తెలంగాణ కలిపినదానికి రెట్టింపుకు పైనే. పట్టణాల మధ్య చెప్పుకోదగ్గ తారు రోడ్డంటే చాలాకాలం జూబా నుంచి ఉగాండా సరిహద్దు నిమూలే దాకా ఉన్న 192 కిలోమీటర్లే. మలకాల్ చుట్టూ నల్లరేగడి. మే నెలలో వాన మొదలైతే అక్టోబర్ దాకా బండి చక్రం కూరుకుపోవడమే. డీజిల్ జూబా నుంచి తెల్ల నైలు నది మీద బార్జీల్లో రావాలి, దారిలో బంగ్లాదేశ్ నౌకాదళం వాళ్ల పడవలు కాపలా. నది ఒడ్డున ఎక్కడపడితే అక్కడ ఎవరో ఒకరు ఆపి డబ్బు అడుగుతారు. బార్జీ ఆలస్యమైతే మాకు పైనుంచి వచ్చే మొదటి మాట పొదుపు చేయండి అని. లైట్లు ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు, ఆస్పత్రి ఆపలేం. అప్పుడు తగ్గేది పెట్రోలింగే. అది తగ్గితే ఆ రోజు క్యాంపులో ఎవరికీ తెలియదు. కంచెకి ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లో తెలుస్తుంది.

అయితే కంచె దాటి వెళ్లిన రోజుల్ని కూడా చూశాను కాబట్టే ఈ మిషన్ పనికిరాలేదని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

మలకాల్‌లో మన బెటాలియన్‌తో పశువుల డాక్టర్లు ఉండేవాళ్లు. వినడానికి చిన్న విషయం. ఆ దేశంలో ఆవుల మంద అంటే ఆస్తి, కన్యాశుల్కం, పరువు, అన్నీ. తెగల మధ్య చావుల్లో పెద్ద భాగం మందల కోసం జరిగే దాడుల్లోనే. శిబిరం పెట్టిన రోజు పొద్దున్నే చేతులు బారచాపినంత కొమ్ములున్న ఆవుల్ని తోలుకొచ్చేవాళ్లు, ఒళ్లంతా బూడిద పూసుకున్న కుర్రాళ్లు. మన డాక్టర్ సూది వేస్తుంటే ఆవు యజమాని దాని మెడ నిమురుతూ నిలబడేవాడు. సూది అయ్యాక కబుర్లు. ఏ వైపు నుంచి ఎవరు వస్తున్నారు, ఏ ఊళ్లో కుర్రాళ్లు తుపాకులు పోగేస్తున్నారు అన్నది ఆ కబుర్లలోనే బయటపడేదని మా హవల్దార్ చెప్పేవాడు. ఏ చెక్‌పోస్టూ అడ్డుపడని పని అది. అలాంటి పనికి రిపోర్టుల్లో ఒక పేరా కూడా దక్కదు.

బెంటియూలో చూసింది ఇంకా ముఖ్యం. అక్కడి క్యాంపు దేశంలోకెల్లా పెద్దది, లక్ష దాటిన జనం. యూఎన్ తిండిగింజలు ఇస్తుంది, వండుకోవడానికి కట్టెలు ఇవ్వదు. మగవాళ్లు బయటికెళ్తే చంపేస్తారని ఆడవాళ్లే వెళ్లేవారు, వాళ్లని చెరిచేవారు. చంపడం కన్నా అది నయమని ఆ కుటుంబాలు లెక్క వేసుకోవాల్సి వచ్చిందంటే ఆ బతుకేమిటో ఊహించుకోండి. 2018 నవంబర్‌లో పది రోజుల్లో 125 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు అత్యాచారానికి గురై తమ దగ్గరికి చికిత్సకి వచ్చారని సరిహద్దులు లేని వైద్యుల సంస్థ బయటపెట్టింది. యూఎన్ సైనికులున్న బెంటియూకి వచ్చే దారుల్లోనే ఇదంతా.

తర్వాత పెట్రోలింగ్ పెంచారు. నేను వెళ్లేసరికి కట్టెల పెట్రోలింగ్ రివాజుగా సాగుతోంది. ఇంకా చీకటి ఉండగానే గేటు దగ్గర ఆడవాళ్లు గుమిగూడేవారు, చేతిలో గొడ్డలి, నడుముకి తాడు. మంగోలియా సైనికులు రెండు తెల్లబళ్లతో వచ్చేవాళ్లు. ఒక బండి ముందు, ఒకటి వెనక, మధ్యలో ఆడవాళ్లు నడుస్తూ. చెట్లున్న చోటికి చేరాక సైనికులు చుట్టూ నిలబడేవారు, వీళ్లు కట్టెలు కొట్టుకునేవారు. మోపులు నెత్తిన పెట్టుకుని మళ్లీ అదే వరుసలో వెనక్కి. భాష తెలియదు, ఒకరితో ఒకరు మాట్లాడుకునేది దాదాపు శూన్యం. పెట్రోలింగ్‌తో వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగొచ్చేవాళ్లు. బళ్లు కదలని రోజున మాత్రం ఒంటరిగా వెళ్లక తప్పేది కాదు, పొయ్యి ఆగదు కదా. ఏ బండి బ్యాటరీ డౌన్ అయిందన్నా నేను చేతిలో పని వదిలేసి వెళ్లేది అందుకే. ఆ బండి కదిలితే ఏం జరుగుతుందో, కదలకపోతే ఏం జరుగుతుందో మాకందరికీ తెలుసు.

2021లో వరద వచ్చింది. బెంటియూ చుట్టూ నీళ్లు, కనుచూపు మేర నీళ్లు, ఏళ్లు గడిచినా తగ్గని నీళ్లు. క్యాంపు, విమానాల స్ట్రిప్ నీటిమట్టానికి కిందకి ఉండిపోయాయి, చుట్టూ మట్టిగట్టు ఒక్కటే అడ్డం. పాకిస్తాన్ ఇంజినీరింగ్ దళం వాళ్లు ఎక్స్‌కవేటర్లతో రాత్రింబవళ్లు మట్టి పోస్తూనే ఉన్నారు. 1986 గోదావరి వరదకి మా నాన్న ఏటిగట్టు కాపలా కాసిన సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణి. టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట నడవడం, బుంగ పడిందేమోనని పాదాలతో తడి చూసుకోవడం, ఊట కనిపిస్తే కేక వేయడం, ఇసుక బస్తాలు. అచ్చం అదే పని ఆఫ్రికా నడిబొడ్డున చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు. నా పని పంపులు. లోపల ఊరే నీటిని గట్టు అవతలికి తోడాలి. గుర్రపుడెక్క వచ్చి నీళ్లు లాగే సక్షన్ పైపులో చుట్టుకునేది, పంపు ఆపి, మొలలోతు నీళ్లలో దిగి, చేత్తో పీకి, మళ్లీ ప్రైమింగ్ చేసి స్టార్ట్ చేయాలి. ఒక్క పంపు పొద్దుటి దాకా ఆగితే దిగువ వరుస గుడిసెల్లోకి నీళ్లు వచ్చేస్తాయి.

పాకిస్తాన్ హవల్దార్ ఒకాయన రాత్రిళ్లు ఫ్లాస్కులో చాయ్ తెచ్చి ఇచ్చేవాడు. హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడుకునేవాళ్లం. వాళ్ల ఊరి నది గురించి ఆయన, మా గోదావరి గురించి నేను. మన రెండు దేశాల మనుషులు ఒకే పని మీద ఒకే చోట ఉండటం నేను చూసింది ఆ గట్టు మీదే.

శాంతి పరిరక్షణ అంటే గట్లు కట్టడమా అని ఎవరైనా అడగొచ్చు. ఆ గట్టు తెగితే లక్షమంది ఎటు పోవాలి? ఏ మెరకనేల మీదికి పోయినా అక్కడ ఇంకో తెగ ఉంటుంది, ఇంకో తుపాకీ ఉంటుంది. గట్టు నిలవడం వల్ల ఆగిన కొట్లాటలు ఎక్కడా నమోదు కావు. ఈ మిషన్లని అంచనా వేయడంలో చిక్కంతా ఇక్కడే ఉంది. జరిగిన చావుకి లెక్క ఉంటుంది, జరగకుండా పోయిన చావుకి ఉండదు. అయినా దీనిమీద పరిశోధన చేసినవాళ్లు పలు దేశాల అంతర్యుద్ధాలు పోల్చి చూసి తేల్చిందేమిటంటే, యూఎన్ సైనికులు ఎక్కువమంది ఉన్నచోట పౌరుల చావులు తగ్గాయి. ఒప్పందం కుదిరాక మిషన్ ఉన్న దేశాల్లో యుద్ధం తిరగబెట్టడం కూడా తగ్గింది. 1994లో రువాండాలో దీనికి ఉల్టా జరిగింది. మారణహోమం మొదలయ్యాక సుమారు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి తగ్గించమని భద్రతామండలి తీర్మానించింది. మిగిలిన ఆ కొద్దిమందే వేల ప్రాణాలు కాపాడారు. ఎక్కువమంది ఉండి ఉంటే అన్న ఆలోచన రాక మానదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో దీనిమీద అపోహలున్నాయి. ఒక్కో సైనికుడికి నెలకి సుమారు 1,400 డాలర్ల చొప్పున యూఎన్ చెల్లించేది అతని ప్రభుత్వానికి. ప్రపంచంలోని అన్ని మిషన్లకీ కలిపి 2024-25లో ఏడాది బడ్జెట్ 560 కోట్ల డాలర్ల దరిదాపు. దేశాలన్నీ సైన్యాల మీద పెట్టే ఖర్చులో అది అర శాతం కూడా కాదు. అదీ సరిగ్గా కట్టరు. నాలుగో వంతుకు పైగా వాటా ఉన్న అమెరికా బకాయిలు పేరుకుపోయి, 2025 అక్టోబర్‌లో తొమ్మిది మిషన్లలో సైనికుల్నీ పోలీసుల్నీ 25 శాతం దాకా తగ్గించక తప్పదని యూఎన్ ప్రకటించింది. అందులో దక్షిణ సూడాన్ ఒకటి.

ఇదా తగ్గించే సమయం? అదే ఏడాది మార్చిలో నాసిర్ అనే పట్టణంలో ప్రభుత్వ సైనికుల్ని తరలించడానికి వెళ్లిన యూఎన్ హెలికాప్టర్ మీద కాల్పులు జరిగి సిబ్బందిలో ఒకరు చనిపోయారు. ఆ నెలలోనే మచార్‌ని గృహనిర్బంధంలో పెట్టారు. కీర్, మచార్ వర్గాల మధ్య 2018లో కుదిరిన శాంతి ఒప్పందం మీద ఆశపెట్టుకున్నవాళ్లంతా ఇప్పుడు భయం భయంగా ఉన్నారు. నా హెల్పర్ మలకాల్‌లో ఇప్పుడు సొంతంగా జనరేటర్లు చూసుకుంటున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఏ దళం వెళ్లిపోతుందట, ఏది ఉంటుందట అని నన్నే అడుగుతాడు. నాకేం తెలుసని చెప్పను?

నాకు తెలిసింది డీజిల్ రిజిస్టర్. పొదుపు అన్నప్పుడు ముందు ఏది ఆగుతుందో అందులో చూశాను. ఈ 25 శాతం కూడా అలాగే జరిగితే కంచె, టవర్లు, ఆఫీసులు ఉంటాయి, కట్టెల పెట్రోలింగ్ పోతుంది, దూరపు ఊళ్లకి వెళ్లే హెలికాప్టర్ గంటలు పోతాయి, పశువుల శిబిరం పోతుంది. ఈ మిషన్లకి ఎక్కువమంది సైనికుల్ని పంపే దేశాల్లో మనది ఒకటి. నిర్ణయాలు చేసేముందు దళాలు పంపే దేశాల మాట వినాలని న్యూయార్క్‌లో మన ప్రతినిధులు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఆ అడిగే మాటల్లో ఈ ఒక్కటి కూడా చేర్చాలి: తగ్గించక తప్పకపోతే జూబా ఆఫీసుల నుంచి మొదలుపెట్టండి, గేటు బయటికి వెళ్లే బళ్లని చివర్లో ముట్టుకోండి.